తలుపు మూయని లిఫ్టు

"ఈ క్షణం నుంచి మన సంఘంలో రహస్యం అనేదే ఉండదు. వచ్చిన ప్రతి కాసూ, పోయిన ప్రతి కాసూ మీ కళ్ళ ముందుంటుంది. పారదర్శకత నా ఊపిరి. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళ సంగతి నేను చెప్పను. చెబితే మీరు తట్టుకోలేరు."

మా అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం అధ్యక్షులవారు ఆదివారం పొద్దున, కింద కార్లు నిలిపే చోట, మైకు పట్టుకుని చేసిన చారిత్రక ప్రకటన ఇది. వారికి ముందు ఆ కుర్చీలో కూర్చున్నదీ వారే. అంతకు ముందు కూర్చున్నదీ వారే. తన పాలనను తనే అంత నిర్దాక్షిణ్యంగా ఎండగట్టగలిగిన నాయకుణ్ణి నేను నా జన్మలో చూడలేదు. అందుకే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాను. పక్కనున్న మా ఆవిడ నా మోచేతి మీద గిల్లింది. ఆవిడకు రాజకీయాలు తెలియవు.

నేను కింది అంతస్తులో, సరిగ్గా లిఫ్టుకు ఎదురింట్లో ఉంటాను. గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటూ కూర్చుంటే చాలు, సంఘం చరిత్రంతా నా ముందునుంచే నడిచిపోతుంది. ఒక మహానాయకుణ్ణి ఇంత దగ్గర్నుంచి చూసే అదృష్టం ఎందరికి దక్కుతుంది? ఆ అదృష్టంలో పాఠకులకు కూడా కాస్త పంచుదామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఈ ప్రకటనకు కారకుడు మా ఇంట్లోనే ఉన్నాడు. మా ఆవిడ బాబాయి. పిల్లలకు భూగోళశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు కనక అందరూ భూగోళం మాస్టారు అంటారు. ఆయన ఇల్లు ఐదో అంతస్తులో. స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేయించుకుని ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి ఇక్కడ లిఫ్టు ఆగిపోయి ఉంది. "మెట్లు ఎక్కారో, మళ్ళీ నా దగ్గరికే వస్తారు" అని డాక్టరు ముందే బెదిరించి పంపాడు. పోనీ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళదామని వాచ్‌మన్, నేను, మరో ఇద్దరు కలిసి ఓ పూట ప్రయత్నించాం. మెట్ల మలుపు ఇరుకు. మొదటి మలుపులోనే కుర్చీ ఒరిగింది, మాస్టారు కెవ్వుమన్నాడు, మా ఆవిడ అంతకన్నా పెద్దగా కెవ్వుమంది. దించేశాం.

"నాలుగు రోజుల్లో లిఫ్టు తిరుగుతుంది మాస్టారూ, అందాకా అల్లుడి మర్యాదలు అనుభవించండి" అన్నారు అధ్యక్షులవారు. అలా ఆయన మా హాల్లో దివాన్ మీదికి చేరాడు. ఆ నాలుగు రోజులు ఎంత పెద్దవంటే, ఆ మధ్యలో లిఫ్టు మరమ్మతు నిధి కోసం రెండు సార్లు చందాలు వసూలయ్యాయి.

మాది రెండు గదుల ఇల్లు. హాల్లో ఒక్కరికే చోటు. అందుకని అత్తయ్యగారు, అంటే మాస్టారి భార్య, పైన తమ ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడ మోకాళ్ళు అంతంత మాత్రం. పొద్దున ఓసారి మెల్లగా దిగి వచ్చి ఆయన పక్కన కూర్చుని, సాయంత్రం ప్రతి మలుపులోనూ ఆగి ఆయాసపడుతూ ఎక్కి వెళ్ళేది. వెళ్ళాక కూడా కబుర్లు ఆగేవి కావు. ఈయన మా గుమ్మంలో చేతికర్ర మీద ఆనుకుని మెట్ల సందులోంచి పైకి చూసేవాడు. ఆవిడ ఐదో అంతస్తు కటకటాల మీంచి కిందికి వంగేది.

"తలగడ మెత్తగా ఉందాండీ?"

"ఉందే. కానీ నాది కాదుగా!"

"కిటికీ దగ్గర కుర్చీ తుడిచిపెట్టాను."

"దాంట్లో ఎవర్నీ కూర్చోనీకు. వచ్చేస్తాను."

ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు. తన కిటికీ, తన కుర్చీ, తన భార్య. ఆ కిటికీలోంచి దూరాన నది మలుపు తిరగడం కనిపిస్తుందట. ప్రపంచంలో ఏ నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి, తన ఇంటికి తను వెళ్ళలేక మా దివాన్ మీద గోడకేసి తిరిగి పడుకుంటుంటే నాకే గుండె కలుక్కుమనేది. నా దివాన్ నాకు ఎప్పుడు దక్కుతుందా అన్న బెంగ కూడా ఉందనుకోండి, కాదనను.

అంతకు ముందు ఆదివారం సర్వసభ్య సమావేశం జరిగింది. చివర్లో అధ్యక్షులవారు, "ఇంకేమైనా ప్రశ్నలున్నాయా?" అంటూ మైకు ఆపేయబోయారు. మా సంఘంలో ఆ మాటకు అర్థం టీ వచ్చిందని. అందరూ లేచారు. భూగోళం మాస్టారు మాత్రం చేతికర్ర పైకెత్తాడు.

"అయ్యా, లిఫ్టు నిధి అనే నది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మా అందరి జేబుల్లో పుట్టింది. ఏ సముద్రంలో కలిసిందో మీరు చెప్పండి. లేదా ఎడారిలో ఇంకిపోయిందా?"

కోశాధికారిగారు వెంటనే తన భుజాలు దులుపుకున్నారు. గుమ్మడికాయల దొంగ సామెత చెప్పి జనం నవ్వారు. నేను దగ్గరే ఉన్నాను. ఆయన భుజం మీద నిజంగానే దుమ్ము ఉంది.

అధ్యక్షులవారు మాత్రం నవ్వలేదు, కోపగించుకోలేదు. "మాస్టారి ప్రశ్న నా కళ్ళు తెరిపించింది" అన్నారు. కళ్ళు తెరిచినవారు ఊరుకోలేదు. ఆ వారంలోనే మెకానిక్‌ని పిలిపించారు. ఆ దృశ్యం నేను స్వయంగా చూశాను. మెకానిక్ సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి, మేడ మీదున్న మోటారు గదికి వెళ్ళాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. అతను మెట్లు దిగడం నేను చూడలేదు. కాసేపటికి చూస్తే లిఫ్టు ముందు నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. గొప్ప పనివాళ్ళ రాకపోకలు మనబోటివాళ్ళకు అంతుబట్టవు. అధ్యక్షులవారు అతని చెవిలో ఏదో అన్నారు. అతను వారి చెవిలో ఏదో అన్నాడు. ఓ కవరు చేతులు మారింది. మెకానిక్ వెళ్ళిపోయాడు.

"ఏమన్నాడండీ?" అని ఆదుర్దాగా అడిగాను.

అధ్యక్షులవారు చాలాసేపు నేలకేసి చూశారు. "సమస్య చాలా లోతుగా ఉందయ్యా" అన్నారు. "ప్రజలు భయపడతారు. బయట అనకు."

ఆ సాయంత్రమే లిఫ్టు తలుపు మీద 'మరమ్మతులో ఉంది' అన్న పాత చేతిరాత కాగితం తీసేసి, అవే అక్షరాలు చెక్కిన ఇత్తడి బోర్డు బిగించారు. అది చూశాక సమస్య లోతు నాకు అర్థమైంది.

మరుసటి ఆదివారం వచ్చిందే నేను మొదట చెప్పిన ప్రకటన. మాటలతో సరిపెట్టలేదు. అక్కడికక్కడే పారదర్శకతా ఉపసంఘం వేశారు. దానికి చైర్మన్ కోశాధికారిగారు, అంటే అధ్యక్షులవారి తోడల్లుడు. లెక్కలు తనిఖీ చేయడానికి ఆడిటరు. ఆయన కోశాధికారిగారి బావమరిది.

"అందరూ ఒకే ఇంటివాళ్ళయిపోయారే!" అని ఎవరో గొణిగారు.

"బయటివాళ్ళయితే మన గుట్టు వాళ్ళకెలా తెలుస్తుంది?" అన్నారు అధ్యక్షులవారు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మరి ఇంటివాళ్ళయితేనే కదా పట్టగలరు!"

నేను మళ్ళీ అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాను.

ఉపసంఘం మొదటి చర్య, లిఫ్టు పక్క గోడకు నిలువెత్తు టీవీ తెర బిగించడం. రోజంతా సంఘం లెక్కలు దాని మీద మెరుస్తూ ఉంటాయి. దీనికి డబ్బు ఎక్కడిదని మాస్టారు మళ్ళీ అడిగాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

"లిఫ్టు నిధిది" అన్నారు అధ్యక్షులవారు, ఏ దాపరికమూ లేకుండా.

"లిఫ్టు నిధి పెట్టి టీవీ కొన్నారా?"

"మీరు అడిగింది దేని గురించి మాస్టారూ? లిఫ్టు నిధి గురించి. మరి దాని సంగతి చెప్పడానికి దాని డబ్బే కదా ఖర్చుపెట్టాలి? వేరే నిధి ముట్టుకుంటే దాన్ని అవినీతి అంటారు."

మాస్టారు చేతికర్ర టకటకలాడిస్తూ వెళ్ళి మా దివాన్ మీద కూర్చున్నాడు. నేను గర్వంతో మా ఆవిడ వైపు చూశాను. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది" అంది మా ఆవిడ. అల్లుళ్ళంటే ఈవిడకెందుకో చిన్నచూపు.

తెర మీద ఒక పెద్ద రంగుల చక్రం తిరుగుతుండేది. అంకెలు లేవు. అంకెలు పెడితే సామాన్యుడు బెదిరిపోతాడని ఆడిటరుగారు వివరించారు. ఆయనకూ మాస్టారికీ మధ్య జరిగిన చర్చ మా సంఘం చరిత్రలో నిలిచిపోతుంది.

"నీలం రంగు ఏమిటండీ?"

"ఖర్చు."

"ఎరుపు?"

"ఇతర ఖర్చు."

"ఆకుపచ్చ?"

"రాబోయే ఖర్చు."

"మరి మిగిలిందేది?"

"తెలుపు."

"తెలుపు ఎక్కడా కనిపించదేం?"

"చక్రం చుట్టూ ఉన్నదంతా తెలుపేగా మాస్టారూ! సరిగ్గా చూడాలి."

చుట్టూ నిజంగానే బోలెడంత తెలుపు ఉంది. అంత మిగులు చూసి నా మనసు నిండిపోయింది.

తెర వచ్చాక సందేహాలు తీర్చడానికి ఓ సమాచార కేంద్రం కావలసి వచ్చింది. గది లేదు. అద్దెకు తీసుకుంటే ప్రజాధనం వృథా. అధ్యక్షులవారు నడవాలో అటూ ఇటూ పచార్లు చేసి, చటుక్కున లిఫ్టు ముందు ఆగారు.

"ఇది ఖాళీగానే ఉందిగా!"

అంతే. లిఫ్టు కిందనే, నా ఎదురుగానే నిలిచి ఉంది. పాతకాలం లిఫ్టు, చేత్తో లాగి మూసే రెండు రెక్కల ఇనుప తలుపు. బోర్డు తీసి పక్కన పెట్టి, తలుపులు బార్లా తెరిచి, లోపల ఒక చిన్న బల్ల, ఒక కుర్చీ, ఓ గంట పెట్టారు. అద్దం ఎలాగూ ఉంది. మీట నొక్కితే లైటు వెలిగింది, పైన ఫాను తిరిగింది. "చూశారా, ఫాను ఖర్చు మిగిలింది" అని అధ్యక్షులవారు మురిసిపోయారు. అదే రోజు ఒక తీర్మానం కూడా చేశారు. 'ఈ కేంద్రం తలుపులు ప్రజల కోసం నిరంతరం తెరిచి ఉండవలెను. ఎట్టి పరిస్థితులలోనూ ఎవరూ మూయరాదు.' ఆ వాక్యం వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

మా ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని లోపలికి తొంగిచూసింది. "ఏమండీ, ఫాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. లిఫ్టెందుకు కదలదు?"

"ఫాను వేరు, లిఫ్టు వేరు. సమస్య లోతుగా ఉంది."

"ఎంత లోతు?"

"బయట అనకూడదు."

"నేనేమైనా బయటిదాన్నా? తాళి కట్టిన..." అంటూ అందుకుంది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

ఇక సమాచార అధికారి కావాలి. ఆ పదవికి అధ్యక్షులవారు ఎవర్ని ఎంపిక చేశారో ఊహించండి. భూగోళం మాస్టార్ని! స్వయంగా మా ఇంటికొచ్చి, దివాన్ అంచున కూర్చుని, ఆయన చేతులు పట్టుకుని అడిగారు. బయటికి వెళ్ళేటప్పుడు నాతో మెల్లగా, "మా పార్టీలో నేర్చుకున్నదయ్యా ఇది. ప్రశ్న అడిగేవాణ్ణి పక్కన నిలబెడితే కేకలేస్తాడు. కుర్చీలో కూర్చోబెడితే కునుకు తీస్తాడు" అన్నారు. వారు వచ్చే వార్డు ఎన్నికల్లో నిలబడబోతున్నారని మీకు చెప్పడం మరిచాను.

మా ఆవిడ మాత్రం ఆ రోజు ఏడ్చింది. "లిఫ్టెక్కి ఇంటికెళ్ళాలని అలమటిస్తున్న మనిషిని తెచ్చి, ఆగిపోయిన లిఫ్టులో కూర్చోబెడతారా? వీళ్ళు కడుపుకి అన్నం తింటున్నారా, గడ్డి తింటున్నారా? బాబాయ్, నువ్వు ఒప్పుకోకు."

మాస్టారు నవ్వాడు. "పోనీలేమ్మా. ఇక్కడ గోడకేసి చూస్తూ పడుకునే బదులు అందులో కూర్చుంటే నలుగురి మొహాలు కనిపిస్తాయి. మీ పిన్నితో లిఫ్టెక్కానని చెప్పుకోవచ్చు. ఎక్కడం వరకూ నిజమేగా!"

పొద్దున్నే చేతికర్ర పట్టుకుని ఆయన నడవా దాటి లిఫ్టులో కూర్చునేవాడు. ఎదురుగా నేను. సమాచారం కోసం జనం బాగానే వచ్చేవారు. పార్శిలు వచ్చిందా, నీళ్ళు ఎప్పుడొదులుతారు, పైవాళ్ళ కుక్క ఎందుకరుస్తోంది, ఇలాంటివే అన్నీ. లెక్కలు కావాలంటే మాత్రం దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తుకు రుసుము. రుసుముకు రసీదు. రసీదు తెచ్చినవాళ్ళకు మాస్టారు, 'మీ ప్రశ్న పరిశీలనలో ఉంది' అని చెప్పాలి. ఎందుకంటే లెక్కలు సమాచార అధికారికి చూపించరు. చూస్తే నిష్పాక్షికత పోతుందని నిబంధన.

"మరి నేనేం సమాచారం చెప్పాలండీ?" అని మాస్టారు అడిగాడు.

"సమాచారం ఉందని చెప్పండి చాలు" అన్నారు కోశాధికారిగారు.

కేంద్రం నడవాలంటే ఖర్చు కదా. నెల నెలా కట్టే లిఫ్టు చందాకు తోడు పారదర్శకతా రుసుము అని మరొకటి వచ్చింది. కొందరు సణిగారు. వాళ్ళను తెర ముందు నిలబెట్టి రంగుల చక్రం చూపించారు. వాళ్ళ పేరు పక్కన ఎర్ర చుక్క పెట్టారు. సణుగుడు ఆగిపోయింది. నేను ముందే కట్టి ఆకుపచ్చ చుక్క తెచ్చుకున్నాను.

ఇంతలో ఓ సాయంత్రం పైకి వెళుతూ వెళుతూ అత్తయ్యగారు మూడో అంతస్తు మలుపులో కాలు మడతపడి కూలబడింది. నేనూ, మా ఆవిడా పరిగెత్తి పైకి చేర్చాం. చీలమండ గుమ్మడిపండులా వాచింది. ఎముక విరగలేదు గానీ, కదలకూడదని డాక్టరు అన్నాడు. ఇక ఆవిడ కటకటాల దగ్గరికి కూడా రాలేదు. ఆయన కింద, ఆవిడ పైన. మధ్యలో ఫోను.

ఆ మర్నాడు మాస్టారు మెట్ల దగ్గరికి వెళ్ళి, కర్ర పక్కన పెట్టి, కటకటాలు పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు వేశాడు. నేను గబుక్కున పట్టుకున్నాను.

"వదలండి అల్లుడుగారూ. మంచినీళ్ళివ్వడానికి కూడా పక్కన ఎవరూ లేరు దానికి."

"మా ఆవిడ వెళ్ళి చూస్తోందిగా మామయ్యగారూ."

"మీ ఆవిడ చూస్తే నేను చూసినట్టా?" అన్నాడు. "నలభై ఏళ్ళయింది పెళ్ళయి. దానికి జ్వరమొస్తే నేను ఊళ్ళో లేని రోజు లేదు. ఇప్పుడు ఒకే కప్పు కింద ఉండి..."

ఆయన్ని తీసుకెళ్ళి లిఫ్టులో కూర్చోబెట్టాను. నేనే వెళ్ళి అధ్యక్షులవారిని బతిమాలుకున్నాను, ఏదో ఒక ఉపాయం చూడమని. వారు చాలా బాధపడ్డారు. "సరైన సమయంలో గుర్తుచేశావు. శనివారం మునిసిపల్ కమిషనర్‌గారు వస్తున్నారు. ఆదర్శ పారదర్శక సంఘంగా మనల్ని ఎంపిక చేశారు. మాస్టారికి కొత్త చొక్కా వేయించు. ఆయన గడ్డం గీసుకునేలా చూడు" అన్నారు.

శనివారం నడవా అంతా కుర్చీలు. తెర మీద చక్రం రెట్టింపు వేగంతో తిరుగుతోంది. కమిషనర్‌గారు ముందు వరసలో. లిఫ్టులో బల్ల ముందు భూగోళం మాస్టారు, కొత్త చొక్కాతో, ఫొటోల కోసం. మైకు సరిగ్గా లిఫ్టు తలుపు పక్కనే పెట్టారు. అధ్యక్షులవారు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! నిజానికి తలుపులు అక్కర్లేదు..."

మాస్టారి జేబులో ఫోను మోగింది. నేను మొదటి వరస చివర కూర్చున్నాను కనక అంతా కనిపిస్తోంది. ఆయన చెవికి ఆనించుకున్నాడు. "ఆఁ? ఏమైందే? వినపడట్లేదు... గట్టిగా చెప్పు!" ఆయన మొహం పాలిపోయింది. రెండో చెవి మూసుకున్నాడు. మైకు హోరులో లాభం లేదు. "ఒక్క నిమిషం ఆపండయ్యా, మా ఆవిడ..." అని చెయ్యూపాడు. అధ్యక్షులవారు అది అభివాదమనుకుని తిరిగి చెయ్యూపి, గొంతు ఇంకా పెంచారు.

మాస్టారు లేచాడు. కర్ర బల్లకు ఆనించి, రెండు రెక్కలూ లాగి టక్కున మూసేశాడు.

ఎట్టి పరిస్థితులలోనూ మూయరాదని తీర్మానం ఉందే! తలుపు రెక్కకున్న చిన్న గాజు అద్దంలోంచి ఆయన కనిపిస్తున్నాడు. ఫోనులో ఏదో విన్నాడు. "వస్తున్నా, వస్తున్నా" అన్నట్టు పెదాలు కదిలాయి. ఐదో అంతస్తులో కాపురం పెట్టినప్పటి నుంచి లిఫ్టు తలుపు మూసిన ప్రతిసారీ ఆయన వేలు ఏ మీట మీదికి వెళుతుందో ఆ మీట మీదికే వెళ్ళింది.

గుర్రుమని శబ్దం. అద్దంలోంచి మాస్టారి తల పైకి పోయింది, తర్వాత చొక్కా గుండీలు, తర్వాత బల్ల, బల్ల మీద గంట, చివరికి చెప్పులు. ఆ పైన అద్దంలో చీకటి.

కోశాధికారిగారు భుజాలు దులుపుకున్నారు. కమిషనర్‌గారు కళ్ళద్దాలు సర్దుకుని, "ఆ గది ఎక్కడికి పోయిందండీ?" అని అడిగారు.

నాయకుడంటే ఎవరో అప్పుడు తెలిసింది నాకు. అధ్యక్షులవారు రెప్ప వాల్చలేదు. "అదేనండీ మా కొత్త పథకం, 'సమాచారం మీ గుమ్మంలోకి'. కేంద్రమే ప్రజల దగ్గరికి వెళుతుంది. తమరి చేతుల మీదుగా ప్రారంభిద్దామని ఇంతవరకు బయటపెట్టలేదు."

"అద్భుతం!" అన్నారు కమిషనర్‌గారు. నడవా దద్దరిల్లేలా చప్పట్లు. నేనూ కొట్టాను. జ్ఞాపిక చేతులు మారింది. ఫొటోలు తీశారు.

చప్పట్లు కొడుతూనే నాకు అత్తయ్యగారు గుర్తొచ్చింది. ఏమైందో ఏమో! ఒక్క పరుగున మెట్లెక్కాను. ఐదో అంతస్తు చేరాను. లిఫ్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల బల్ల, గంట, తిరుగుతున్న ఫాను. ఇంటి తలుపూ తీసే ఉంది.

కిటికీ దగ్గర కుర్చీలో మాస్టారు. ఆయన ఒళ్ళో అత్తయ్యగారి వాచిన కాలు. తడిగుడ్డ చుడుతున్నాడు. నీళ్ళ కోసం లేవబోయి మళ్ళీ తూలిందట, నేల మీద కూర్చుని ఫోను చేసిందట. ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది, ఆయన చొక్కా కాలరు సరిచేస్తోంది. "కొత్త చొక్కా ఎక్కడిదండీ? మీకస్సలు నప్పలేదు" అంటోంది. కిటికీలోంచి దూరాన నది మలుపు కనిపిస్తోంది. ఆయన చెప్పింది నిజమే.

నేను గుమ్మం పట్టుకుని ఆయాసపడుతుంటే మాస్టారు తలతిప్పి చూశాడు. "అయ్యయ్యో, మెట్లెక్కి వచ్చారా అల్లుడుగారూ?"

"మరి లిఫ్టు చెడిపోయిందిగా మామయ్యగారూ!"

ఆయన నా వంక చూశాడు. భార్య వంక చూశాడు. మళ్ళీ తడిగుడ్డ చుట్టడంలో పడ్డాడు.

మర్నాడు తెర మీద ప్రకటన వచ్చింది. అనుమతి లేకుండా లిఫ్టు కదిలిన ఘటనపై విచారణకు ఆడిటరుగారి నాయకత్వంలో ఉపసంఘం. విచారణ ఖర్చు, న్యాయంగానే, లిఫ్టు నిధి నుంచి. సమాచార అధికారి పదవి నుంచి మాస్టార్ని తప్పించారు. బల్లా, కుర్చీ కిందికి తెప్పించి జాగ్రత్త చేశారు. వాచ్‌మనూ, మరో ఇద్దరూ మెట్ల మీంచి మోసుకొచ్చారు. ఇత్తడి బోర్డు తుడిచి మళ్ళీ తలుపు మీద బిగించారు.

నెల తిరిగేసరికి అత్తయ్యగారి కాలు తగ్గింది. సాయంత్రాలు ఆ దంపతులు లిఫ్టులో కిందికి దిగి, నడవాలో కాసేపు తిరిగి, లిఫ్టులోనే పైకి వెళుతున్నారు. పెద్దవాళ్ళు, ఇక చెప్పినా వినరు. మా ఆవిడ కూడా వాళ్ళతో చేరి చెడిపోయింది. మిగిలిన అంతస్తులవాళ్ళు సంచులు మోసుకుంటూ వచ్చి, బోర్డు చదివి, నిట్టూర్చి, మెట్లెక్కుతున్నారు. అధ్యక్షులవారు వార్డు ఎన్నికల్లో గెలిచారు. మా వార్డు మొత్తానికీ పారదర్శకత తెస్తున్నారు.

నిన్న ఈ నెల లిఫ్టు చందా కట్టేసి, రసీదు జేబులో పెట్టుకుని, మాస్టారింటికి భోజనానికి బయల్దేరాను. లిఫ్టులో వాళ్ళిద్దరూ, మా ఆవిడా. మాస్టారు తలుపు పట్టుకుని ఆగాడు.

"రండి అల్లుడుగారూ, చోటుంది."

నేను బోర్డు వైపు చూపించాను. చదువుకున్నవాణ్ణి, చూస్తూ చూస్తూ ఎలా ఎక్కుతాను? "మీరు పదండి, వెనకాలే వస్తాను" అని మెట్ల వైపు నడిచాను.